అల్లరి చేయని జబ్బు: నిరాశ్రయుల్లో డిప్రెషన్

ఇల్లు లేని మనోరోగుల గురించి మన చట్టాలు వందేళ్లకు పైగా మాట్లాడుతున్నాయి. కానీ వాటి కంటికి ఆనింది వీధుల్లో తిరుగుతూ, అరుస్తూ కనిపించేవారే. అలాంటివారిని పట్టుకునే అధికారం 1912 నాటి లూనసీ (పిచ్చితనం) చట్టం పోలీసులకిచ్చింది. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచమంది 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చాలా నయం: సెక్షన్ 100 ప్రకారం లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. అయితే డిప్రెషన్‌తో ఫ్లైఓవర్ కింద ముడుచుకుని పడుకున్న మనిషి ఎవరికీ అడ్డు కాదు. అతని కోసం పోలీసులకు ఫోన్ చేసేదెవరు?

అతను ఎవరికైనా కనబడ్డాడంటే బిచ్చగాడిగానే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లోనే యాచక నిరోధక చట్టం వచ్చింది. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకు ముందు హైదరాబాద్‌లో యాచనను నిషేధించి, దొరికినవారిని జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు.

నగరాల్లో లక్ష జనాభాకు ఒక నిరాశ్రయుల షెల్టర్, ఏడాది పొడవునా, 24 గంటలూ తెరిచి ఉండాలన్నది 2010 తర్వాత సుప్రీంకోర్టు పట్టుబట్టిన లెక్క. మంచాలు, దుప్పట్లు, మరుగుదొడ్ల దాకా తనిఖీలు జరుగుతాయి. మనసు సంగతి 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానిది. అదేమో ఆసుపత్రి ఓపీలో ఉంటుంది, పొద్దున. కూలి అడ్డా మీద నిలబడాల్సిందీ పొద్దునే.

ఓపీ దాకా వచ్చినా ప్రశ్నావళి తప్పుదారి పట్టిస్తుంది. డిప్రెషన్‌ను పసిగట్టడానికి వాడే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 10 లేదా అంతకు మించితే డిప్రెషన్ అనుమానిస్తారు. నిద్ర, నీరసం, ఆకలి ప్రశ్నలకే ఫుట్‌పాత్ మీద బతికే ఎవరికైనా 9 వచ్చేస్తాయి. అందుకే దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, చావు ఆలోచన: ఈ మూడింటినీ విడిగా, నిదానంగా అడగాలి. రక్తహీనత, థైరాయిడ్, క్షయ, తాగుడు కూడా చూడాలి. నీరసం వాటివల్లా కావచ్చు.

మందులతో చిక్కు ఇంకోటి. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, వికారం మాత్రం మొదటి వారమే వస్తుంది. అక్కడే చాలామంది ఆపేస్తారు. నెల మాత్రలు ఒకేసారి ఇస్తే వానకు తడుస్తాయి, సంచితో పాటు పోతాయి. అంతకన్నా ప్రమాదం, అమిట్రిప్టిలిన్ లాంటి పాతరకం డిప్రెషన్ మాత్రలు ఎక్కువగా ఒకేసారి మింగితే గుండె ఆగిపోవచ్చు. ఆ ప్రమాదం తక్కువున్న సెర్ట్రలిన్ లాంటివి, వారానికి సరిపడా, షెల్టర్ కేర్‌టేకర్ దగ్గర ఉంచి ఇప్పించడం మేలు.

2022 అక్టోబరు నుంచి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ ఉచిత నంబరు 14416 పనిచేస్తోంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోనే లేని మనిషికి అది అందాలంటే నంబరు గోడ మీద రాసి వదిలేస్తే చాలదు, షెల్టర్‌లో అందరూ వాడుకునే ఫోన్ ఒకటి పెట్టాలి.