బండి వేడెక్కిందా? ఘాట్ ఎక్కొచ్చే కార్ల మీద అపోహలు - వాస్తవాలు

సాలూరు దాటాక సుంకి ఘాట్, ఆ పైన పొట్టంగి, తర్వాత మా సిమిలిగుడ. కొరాపుట్ జిల్లాలో నా షెడ్డు ఈ దారి మీదే ఉంది. చలికాలంలో దేవమాలి చూడటానికి విజయనగరం, విశాఖల నుంచి కార్లు వరస కడతాయి. 1,672 మీటర్లతో ఒడిశాలో ఎత్తైన శిఖరం అదే. ఆ కార్లలో కొన్ని బోనెట్ కింద ఆవిరి కక్కుతూ నా దగ్గర ఆగుతాయి. తెలుగులో చెప్పినా ఒడియాలో చెప్పినా మొదటి మాట ఒకటే: "మేస్త్రీ, రేడియేటర్ పోయినట్టుంది." నేను తిరిగి అడిగేదీ ఒకటే: "ఎప్పుడు వేడెక్కింది?"

అపోహ: బండి హీటెక్కిందంటే రేడియేటర్ మార్చాల్సిందే.

సగం జబ్బు ఆ "ఎప్పుడు"లోనే దొరుకుతుంది. రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు వేడెక్కి, బండి కదలగానే వేడి చూపే మీటరు ముల్లు దిగిపోతే రేడియేటర్‌కి గాలి చాలడం లేదని అర్థం. ముందు ఫ్యాన్ ఫ్యూజ్, రిలే, మోటారు చూడాలి. చాలా కార్లలో ఏసీ వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. ఆగినప్పుడు బాగుండి, హైవే మీద పోతున్నప్పుడు వేడెక్కితే కూలెంట్ (ఇంజిన్ వేడిని రేడియేటర్‌కి మోసుకుపోయే ద్రవం) సరిగ్గా తిరగడం లేదేమో చూడాలి: లోపల పూడిన రేడియేటర్, అరిగిన వాటర్ పంప్, తెరుచుకోని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్), లోపలికి నొక్కుకుపోయే కింది హోస్ పైపు.

ఘాట్‌లో మాత్రమే వేడెక్కితే ఒక్కోసారి బండిలో తప్పే ఉండదు. మూడో గేర్లో ఈడ్చుకుంటూ ఎక్కితే ఇంజిన్ మీద బరువు పెరుగుతుంది, పంపు మాత్రం నెమ్మదిగా తిరుగుతుంది. రెండో గేర్‌కి దిగండి.

ఒక కుటుంబం వచ్చింది. కింద వేరే షెడ్డులో రేడియేటర్, వాటర్ పంప్ రెండూ మార్పించారు. అయినా సుంకి దగ్గర మళ్లీ ఆవిరి. బండి చల్లారాక నేను చూసింది రేడియేటర్ మూత. దాని రబ్బరు పగిలి ఉంది. సముద్రమట్టం దగ్గర నీళ్లు 100 డిగ్రీలకి మరిగితే, సుమారు 900 మీటర్ల ఎత్తున్న మా ఊళ్లో 97కే మరుగుతాయి. మూత పట్టి ఉంచే ఒత్తిడి వల్లే కూలెంట్ 120 దాటేదాకా మరగకుండా ఉంటుంది. మూత వదులైతే ఆ రక్ష పోతుంది. కింద ఎలాగో నెట్టుకొచ్చిన బండి కొండ మీద పొంగడానికి అదీ ఒక కారణం. రెండు పెద్ద పార్టులకి డబ్బు పోసిన ఆ మనిషి ముఖం నాకింకా గుర్తుంది. ఆయన్ని "ఎప్పుడు?" అని ఎవరూ అడగలేదు.

అపోహ: వెంటనే మూత తీసి చల్లటి నీళ్లు పోయాలి.

దయచేసి ఈ పని చేయకండి. ఆవిరి దిగని కుక్కర్ మూత ఎవరైనా తీస్తారా? ఇదీ అంతే. మూత కదలగానే లోపలి కూలెంట్ ముఖం మీదకి చిమ్ముతుంది. ఇలా ముఖం, చేతులు కాల్చుకున్నవాళ్లని నా కళ్లారా చూశాను. కాలుతున్న ఇంజిన్‌లో ఒక్కసారిగా చల్లటి నీళ్లు పోస్తే హెడ్డు, అంటే ఇంజిన్ పై భాగం, పగలొచ్చు.

ముల్లు పైకి పోవడం అప్పుడే మొదలైతే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌లో పెట్టి, చోటు చూసి పక్కకి తీయండి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది. ఎర్ర గీత తాకినా, ఆవిరి కనిపించినా ఇంజిన్ ఆపేయండి. కనీసం అరగంట, వీలైతే ఇంకా ఎక్కువసేపు ఆగండి. పై హోస్ పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడి, నొక్కితే మెత్తగా ఉన్నప్పుడే గుడ్డ వేసి మూత మెల్లగా తిప్పండి.

అపోహ: థర్మోస్టాట్ పీకేస్తే బండి ఎప్పుడూ చల్లగా ఉంటుంది.

చల్లగా ఉండటమే ఇంజిన్‌కి మంచిదని ఎవరు చెప్పారు? ఈ వాల్వ్ చాలా బళ్లలో 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలవుతుంది. అది లేకపోతే మా డిసెంబరు చలిలో ఇంజిన్ సరైన వేడికి రాదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఇంజిన్ ఆయిల్ పాడవుతుంది. కొన్ని ఇంజిన్లలో అయితే థర్మోస్టాట్ తీసేస్తే కూలెంట్ రేడియేటర్‌కి పోకుండా అడ్డదారిలోనే తిరిగి, ఇంకా వేడెక్కుతుంది. పాడైతే కొత్తది వేయించండి.

అపోహ: లీకైతే రేడియేటర్‌లో పసుపు వేస్తే చాలు.

పాతకాలం లారీ డ్రైవర్ల చిట్కా ఇది. సన్నటి చిల్లు కాసేపు మూసుకునే మాట నిజమే. కానీ చిల్లుని మూసే పసుపు, రేడియేటర్ సన్నటి గొట్టాలనీ హీటర్‌నీ కూడా మూసేస్తుంది. ఇరవై రూపాయల క్లిప్పు బిగిస్తే పోయే లీకుకి పసుపు వేసి, చివరికి రేడియేటర్ మార్పించుకున్న బళ్లు ఉన్నాయి.

అపోహ: కూలెంట్ ఎందుకు, నీళ్లు చాలు.

దారిలో గత్యంతరం లేనప్పుడు నీళ్లు పోయండి, తప్పు లేదు. అదే అలవాటు చేసుకుంటే తుప్పు, బోరు నీళ్లయితే గార. రంగు ఒకటే కదా అని ఏ కూలెంట్‌లో ఏది పడితే అది కలపకండి. రంగు కంపెనీ ఇష్టం. మాన్యువల్‌లో ఏ రకం రాశారో అదే కొనండి.

అపోహ: ముల్లు మధ్యలోనే ఉంది, కాబట్టి భయం లేదు.

కూలెంట్ పూర్తిగా కారిపోతే సెన్సర్‌కి తగలడానికి ఏమీ ఉండదు. అప్పుడు ముల్లు పైకి పోకుండానే మోసం చేయొచ్చు. హీటర్ వేస్తే చల్లటి గాలి వస్తోందంటే ఆగి చూడండి.

అపోహ: కూలెంట్ వాడకంలో తగ్గుతూనే ఉంటుంది.

అది ఆయిల్ కాదు, డీజిల్ కాదు. పదే పదే పోయాల్సి వస్తోందంటే ఎక్కడో పోతోంది. కింద చుక్క కనబడకపోతే నాకు భయం ఎక్కువ, ఎందుకంటే అది ఇంజిన్‌లోకే పోతుండొచ్చు. బండి వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తీపి వాసనతో తెల్లటి పొగ, డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన టీ రంగు ఆయిల్, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే రాయిలా గట్టిపడే హోస్ పైపు: వీటిలో ఏది కనిపించినా హెడ్ గ్యాస్కెట్‌ని (హెడ్డుకీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) అనుమానించాలి. ఆ బండిని నడుపుకుంటూ తేకండి, వేరే బండికి కట్టించి తెండి. గ్యాస్కెట్ దగ్గరే ఆగిపోతే హెడ్డు ఫేసింగ్ చేయించి, అంటే దాని అడుగు చదును చేయించి, నిలబెట్టగలను. హెడ్డు బాగా వంగిపోయాక మాత్రం నా చేతిలో ఏమీ ఉండదు.