వలల కొట్టును మ్యాపులో ఏమని రాయాలి?

ఏప్రిల్ 15న చేపల వేట నిషేధం మొదలైతే జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లు సముద్రంలోకి వెళ్ళవు. గోదావరి డెల్టాలో బోట్ల రిపేర్లు, వలల బాగుచేత, ఇంజిన్ల సర్వీసింగు చాలావరకు ఈ రెండు నెలల్లోనే. తాళ్ళు, వల తేలడానికి కట్టే బెండ్లు, మునగడానికి కట్టే సీసం గుళ్ళు అమ్మే కొట్లకు గిరాకీ కూడా అప్పుడే. ఆ కొట్లను వాలంటీర్లు నింపే ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఏ వర్గం కింద పెట్టాలన్న తగువు మళ్ళీ రాజుకున్నదీ ఈ సీజన్లోనే. కాకినాడ నుంచి నర్సాపురం దాకా తీరం వెంట మ్యాపు నింపుతున్న వాలంటీర్లలో ఒకరు పెట్టిన వర్గాన్ని ఇంకొకరు మారుస్తున్నారు. ఒకే రకం కొట్టు ఒక రేవులో బోట్ల దుకాణంగా, పక్క రేవులో షిప్ చాండ్లర్‌గా (ఓడలకు సామాన్లు సప్లై చేసే వ్యాపారిగా), ఆ పైదాంట్లో ఫిషింగ్ షాపుగా కనబడుతోంది.

2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ ఈ మ్యాపు మొదలుపెట్టడం, ఎవరైనా ఎడిట్ చేయొచ్చన్న పద్ధతి, ఇవన్నీ తెలిసినవే. ఈ తగువు అర్థం కావడానికి ఒక్క సంగతి చాలు. మ్యాపు లోపల ప్రతి చోటుకూ అది ఏ రకం చోటో చెప్పే ఒక ట్యాగు ఉంటుంది, అది బ్రిటిష్ ఇంగ్లీషులో ఉంటుంది. బోట్లు, వాటి సామాన్లు అమ్మే చోటుకు 'షాప్=బోట్'. ఓడలకు సరుకులు, సామాన్లు సప్లై చేసేవాళ్ళకు 'షాప్=షిప్_చాండ్లర్'. చేపలు పట్టే సామాన్లకు 'షాప్=ఫిషింగ్'.

నా దృష్టిలో అసలు మలుపు 2013. ఆ ఏడాది మే నెలలో వెబ్‌సైట్‌లోకి 'ఐడీ' అనే ఎడిటర్, అంటే మ్యాపులో చోట్లను చేర్చే, మార్చే సాధనం వచ్చింది. అంతకుముందు ఎడిటర్లలోనూ రెడీమేడ్ జాబితాలు ఉండేవి. కానీ కొత్తగా చేరినవాళ్ళ చేతికి మొదట అందేది ఐడీయే అయ్యాక, వాళ్ళకు కనబడేది ట్యాగు కాదు, ఒక బొమ్మ, పక్కన ఒక పేరు. ఆ పేర్లను వేరే భాషల్లోకి వాలంటీర్లే మారుస్తారు. పేరు చదివి నొక్కితే లోపల ట్యాగు దానంతటదే పడిపోతుంది. రేవులో నిలబడి ఫోన్లో ఒక కొట్టును చేర్చే కుర్రాడికి 'షిప్_చాండ్లర్' నిర్వచనం చదివే పని లేదు. తనకు కనబడిన మాట తనకు ఏ అర్థమిస్తే అదే మ్యాపులోకి ఎక్కుతుంది. పదేళ్ళ పైబడి నడుస్తున్న ఈ గందరగోళం అక్కడ పుట్టింది. దీన్ని మనుషుల నిర్లక్ష్యం అనడం అన్యాయం.

ఒక్క అడుగు వెనక్కి వెళ్తే ఇలాంటిదే ఒకటి జరిగింది. మ్యాపులో 'షాప్=ఫిష్' అని ఒక ట్యాగు వాడేవారు. అది వండుకునే చేపల కొట్టా, అద్దాల తొట్టిలో పెంచుకునే రంగు చేపల కొట్టా, గాలాలు అమ్మే కొట్టా? మూడూ కావచ్చు. అందుకే దాన్ని వాడొద్దని, వండుకునే చేపలకు 'సీఫుడ్', పట్టే సామాన్లకు 'ఫిషింగ్' అని విడగొట్టారు. ఇంగ్లీషులో అలా తేలిన చిక్కు తెలుగులోకి వచ్చేసరికి మళ్ళీ మొదటికొస్తుంది. 'ఫిషింగ్ షాపు'ను ఎవరైనా 'చేపల దుకాణం' అన్నారంటే అయిపోయింది. యానాం మార్కెట్లో పులస అమ్మే చోటూ, మత్స్యకారుల పాలెంలో నైలాన్ వల అమ్మే చోటూ ఒకటైపోతాయి.

పోనీ 'వేట సామాన్ల దుకాణం' అందామా? తీరంలో వేటంటే సముద్రం మీదికి పోవడమే, రెండో అర్థం ఎవరికీ తట్టదు. అదే మాట రంపచోడవరంలో చదివితే అడవి గుర్తొస్తుంది. మ్యాపులో జంతువుల వేటకు 'హంటింగ్' అని వేరే ట్యాగు ఉంది కూడా. మన భాషలో ఒకే మాట రెండు వర్గాల మీద కూర్చుంది కాబట్టి పేరు పెట్టేవాడు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

ఇక చాండ్లర్ సంగతి. ఇంగ్లీషులో ఆ మాటకు మొదటి అర్థం కొవ్వొత్తులు చేసి అమ్మేవాడు. తర్వాత ఓడల సామాన్ల వ్యాపారికి అతుక్కుంది. కాకినాడలో ఈ మాట కొత్తదేమీ కాదు. అక్కడి యాంకరేజ్ పోర్టులో ఓడలు దూరంగా లంగరేసి నిలబడతాయి, సరుకు బార్జీల మీద వెళ్ళివస్తుంది. ఆ ఓడల సిబ్బందికి బియ్యం, కూరగాయల దగ్గర్నుంచి డెక్కు సామాన్ల దాకా సప్లై చేసేవాళ్ళే అక్కడ షిప్ చాండ్లర్లు. నడుచుకుంటూ వెళ్ళి వంద గ్రాముల దారం కొనుక్కునే చోటు కాదది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటకుల బోటును అక్టోబరు 22న ఒడ్డుకు లాగిన ధర్మాడి సత్యం బృందం కాకినాడదే. వాళ్ళు వాడిన ఇనప రోపులు, లంగర్ల లాంటి బరువు సామాను పోర్టు ఊళ్ళో దొరుకుతుంది. పల్లిపాలెం కొట్లో అడిగితే దొరికేది అది కాదు.

ఆ పల్లిపాలెం కొట్టు ఎలా ఉంటుందో చెప్పాలి. నిరుడు వేట నిషేధం రోజుల్లో అంతర్వేది వైపు వెళ్ళినప్పుడు ఒక కొట్టు ముందు అరగంట నిలబడ్డాను. గుమ్మానికి రెండు పక్కలా పచ్చ, నీలం ప్లాస్టిక్ తాళ్ళ చుట్టలు వేలాడుతున్నాయి. లోపల వలలు మూటలుగా ఉన్నాయి, కాటా మీద కిలోల లెక్కన తూచి ఇస్తున్నారు. గోనె సంచిలో సీసం గుళ్ళు, దండకు గుచ్చిన బెండ్లు, గ్రీజు డబ్బాలు, ఇంజిను వాషర్లు. బోటు మాత్రం ఒక్కటీ లేదు. కౌంటర్ దగ్గరున్న పెద్దాయనకు ఫోన్ చూపించి, ఇందులో మీ కొట్టును షిప్ చాండ్లర్ అని రాశారండీ అన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. "షిప్పులకు మేమెక్కడ ఇస్తామండీ? వలల కొట్టని రాసుకోండి. ఊళ్ళో ఎవర్నడిగినా అదే చెబుతారు" అన్నారు. కొట్టు, దుకాణం కాదు. గోదావరి జిల్లాల్లో కిరాణాకైనా బట్టలకైనా అదే మాట.

షిప్ చాండ్లర్ కావాలనేవాళ్ళ వాదన ఇది. ప్రపంచమంతా ఒకే ట్యాగు వాడితేనే సాఫ్ట్‌వేర్‌కు వెతకడం కుదురుతుంది. పైగా 'ఫిషింగ్' ట్యాగు యూరప్‌లో ఎక్కువగా సరదాకు గాలమేసేవాళ్ళ దుకాణాలకు వాడతారు, బతుకుతెరువు వలలకు అది చిన్నదైపోతుంది. ఈ రెండో మాటలో నిజముంది. కానీ దానికి జవాబు వలల కొట్టును ఓడల వ్యాపారం కింద జమకట్టడం కాదు. తెలుగులో ఓడ వేరు, నావ వేరు, పడవ వేరు. ఓడలరేవు అని ఊరికి పేరు పెట్టుకున్నవాళ్ళకు ఓడంటే ఏమిటో ఒకరు నేర్పక్కర్లేదు.

ట్యాగు ఇంగ్లీషులోనే ఉండనివ్వండి, దాన్ని ఎవరూ అడ్డుకోవడం లేదు. వలలు, తాళ్ళు అమ్మేచోటుకు 'ఫిషింగ్', బోట్లు, బోటు ఇంజిన్లు అమ్మేచోటుకు 'బోట్', కాకినాడ సప్లయర్లకు 'షిప్_చాండ్లర్'. మార్చాల్సింది పైకి కనబడే తెలుగు పేరును. 'వలలు, తాళ్ళ కొట్టు' అంటే చేపల కొట్టుతోనూ అడవి వేటతోనూ కలవదు. ఇంకో వీలు కూడా ఉంది. ఐడీలో ప్రతి వర్గానికీ పేరుతో పాటు వెతకడానికి పనికొచ్చే మాటలు జతచేయొచ్చు, వాటినీ అనువాదం చేయొచ్చు. వల, తాడు, బెండు, గుళ్ళు అని అక్కడ చేరిస్తే, వాటిలో ఏది టైప్ చేసినా సరైన వర్గం పైకి వస్తుంది. ఇన్నేళ్ళుగా పాయింట్లు అటూ ఇటూ మార్చడం మీద పెట్టిన శ్రమలో కొంచెం ఇక్కడ పెట్టి ఉంటే ఈ కథనం రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

మాట కోసం ఇంత గొడవా అనేవాళ్ళు 2022 జూలైని గుర్తు చేసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. కోనసీమ లంకల్లో మనిషి కదలాలంటే పడవే దిక్కు. అలాంటి రోజు తాడు తెగితే, ఇంజిను మొరాయిస్తే ఊరివాడికి మ్యాపు అక్కర్లేదు, ఎటు వెళ్ళాలో తెలుసు. బయటినుంచి సాయానికి వచ్చినవాడికి మాత్రం ఫోనే ఆధారం. అతను బోట్ల దుకాణం అని చూసి వెళ్తే అక్కడ వలల మూటలు ఉండకూడదు.

కొట్లను గంపగుత్తగా మార్చేముందు చర్చ జరగాలన్నది ఈ మ్యాపు నియమాల్లోనే ఉంది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో మొత్తం చరిత్ర నమోదవుతుంది కాబట్టి పాత స్థితికి తేవడం కష్టం కాదు. కష్టమైంది రేవు రేవుకూ వెళ్ళి, ఇక్కడ ఏం అమ్ముతారు, మీరు దీన్ని ఏమంటారు అని అడగడం. జూన్ 14 దాటితే అడగాల్సిన మనుషులు సముద్రం మీద ఉంటారు.