ఇవాళ్టి ఐఎన్ఆర్ చెప్పేది మొన్నటి మాత్ర గురించి

గుండెలో అమర్చే మెకానికల్ (కృత్రిమ) కవాటం దశాబ్దాల పాటు అరగకుండా పనిచేస్తుంది. దాని రెక్కలు పైరోలిటిక్ కార్బన్‌తో చేసినవి. ఎంత నునుపుగా ఉన్నా శరీరానికి అవి పరాయి వస్తువులే, అందుకే రెక్కలు కదిలే కీలు దగ్గర రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. గడ్డ పెరిగితే రెక్క బిగుసుకుపోతుంది, ముక్క విడివడి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ కవాటం ఉన్నవాళ్లు రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్ర జీవితాంతం వాడవలసింది ఇందుకే. తరచూ రక్తపరీక్షలు అక్కర్లేని ఇదే పని చేసే కొత్త మందులు వీరికి పనికిరావు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌ను ఇలాంటి రోగుల్లో పరీక్షించినప్పుడు గడ్డలూ రక్తస్రావాలూ రెండూ పెరిగాయి. 2013లో ఆ ఫలితాలు వెలువడ్డాయి.

వార్ఫరిన్ ఎంత పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె ఐఎన్ఆర్. అది ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డ ముప్పు. అయోర్టిక్ స్థానంలో (గుండె నుంచి బృహద్ధమనిలోకి రక్తం వెళ్లే చోట) రెండు రెక్కల ఆధునిక కవాటం ఉండి వేరే ముప్పు లేనివారికి ఐఎన్ఆర్ సాధారణంగా 2.0–3.0 మధ్య ఉండాలి. మైట్రల్ స్థానంలో (గుండె ఎడమ పక్క పై గదికీ కింది గదికీ మధ్య) ఉన్నవారికి 2.5–3.5. గుండె లయ తప్పినవారికి, ఇంతకుముందు గడ్డలు ఏర్పడినవారికి లక్ష్యం మారుతుంది. మీ లక్ష్యం ఎంతో వైద్యుడి చేత రాయించుకుని దగ్గర ఉంచుకోండి.

వార్ఫరిన్ ఒంట్లో ఉన్న గడ్డకట్టే ప్రోటీన్లను నాశనం చేయదు. విటమిన్ కె సాయంతో కాలేయం కొత్తవాటిని తయారుచేయడాన్ని తగ్గిస్తుంది, అంతే. పాతవి వాటంతట అవి ఖర్చయిపోవాలి. ఈ ప్రోటీన్లనే ఫ్యాక్టర్లు అంటారు. ఏడో ఫ్యాక్టర్ ఆరు గంటల్లో సగానికి పడిపోతుంది, రెండో ఫ్యాక్టర్‌కు అదే రెండున్నర రోజులు పడుతుంది. అందుకే ఇవాళ మార్చిన మాత్ర ప్రభావం రెండు మూడు రోజుల తర్వాతే కనిపించడం మొదలై, పూర్తిగా తేలడానికి వారం దాకా పడుతుంది.

ఈ ఆలస్యాన్ని మరిచిపోవడం వల్లే చాలామందిలో ఐఎన్ఆర్ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. 3.4 రాగానే కంగారుపడి రోజూ 5 మి.గ్రా. మాత్రను సగం చేస్తారు. వారం తిరిగేసరికి 1.6 వస్తుంది. మళ్లీ పెంచితే 4 దాటుతుంది. లక్ష్యం 2–3 ఉండి, ఎప్పుడూ నిలకడగా ఉన్న మనిషికి ఒక్కసారి 0.5 లోపు తేడా వస్తే, చాలావరకు అదే మోతాదు కొనసాగించి వారం రెండు వారాల్లో మళ్లీ పరీక్షిస్తారు. మార్చవలసి వస్తే లెక్క వారం మొత్తానికి వేయాలి. రోజుకు 5 అంటే వారానికి 35 మి.గ్రా. వారంలో ఒక్కరోజు 2.5 వేసుకుంటే మొత్తం 32.5 అవుతుంది, అంటే సుమారు 7 శాతం తగ్గినట్టు. సాధారణంగా మార్పు 5 నుంచి 20 శాతం లోపే ఉంటుంది. అది కూడా వైద్యుడు చెప్పాకే.

మోతాదు ముట్టుకునే ముందు ఈ వారం ఏం మారిందో వెతకాలి. జ్వరం, విరేచనాలు, తిండి తగ్గడం, ఇవన్నీ ఐఎన్ఆర్‌ను పెంచుతాయి. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్ (యాంటీబయాటిక్‌లు), ఫ్లూకోనజోల్ (ఫంగస్ మందు) కొద్ది రోజుల్లోనే పెంచేస్తాయి. గుండె లయకు వాడే అమియోడరోన్ వారాల తరబడి నెమ్మదిగా పెంచుతూ పోతుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ దీనికి వ్యతిరేకం. అది వాడుతుండగా వార్ఫరిన్ చాలా ఎక్కువ కావాలి, ఆపిన తర్వాత వారాల్లో ఐఎన్ఆర్ ప్రమాదకరంగా ఎగబాకుతుంది. మొదలుపెట్టినప్పుడు చూపిన జాగ్రత్తే ఆపినప్పుడూ చూపాలి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఐఎన్ఆర్‌లో పెద్దగా కనిపించకుండానే కడుపులో రక్తస్రావం తెప్పించగలవు. విటమిన్ కె ఉండే ఆకుకూరలు మానేయనక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే పరిమాణంలో తినడం ముఖ్యం.

అంకె నమ్మశక్యంగా లేకపోతే నమూనానూ అనుమానించండి. ఈ పరీక్షకు రక్తం తీసే నీలం మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ ద్రవం ఉంటుంది. అందులో తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ ఉండాలి. గొట్టం సగమే నిండితే ఐఎన్ఆర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

మాత్ర మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మర్నాడు గుర్తొస్తే రెండూ కలిపి వేసుకోకూడదు. పన్ను తీయించుకోవాలంటే సొంతంగా మందు ఆపకండి. ఐఎన్ఆర్ పరిధిలో ఉంటే చాలావరకు ఆపకుండానే తీస్తారు.

రక్తస్రావం లేకుండా ఐఎన్ఆర్ 5 లేదా 6 వస్తే సాధారణంగా ఒకటి రెండు మోతాదులు ఆపి, త్వరగా మళ్లీ పరీక్షిస్తారు. ఆ స్థితిలో విరుగుడుగా విటమిన్ కె ఎక్కువగా ఇస్తే కొన్ని రోజుల పాటు వార్ఫరిన్ పనిచేయదు, ఆ రోజుల్లో కవాటానికి రక్షణ ఉండదు. నల్లటి విరేచనం, తలకు దెబ్బ, మాట తడబడటం, ఒక పక్క చేయి బలహీనపడటం, ఉన్నట్టుండి ఆయాసం, కవాటం టిక్‌టిక్ చప్పుడు మందగించడం, వీటిలో ఏది జరిగినా ఐఎన్ఆర్ ఎంతో చూసుకుంటూ కూర్చోకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.