903 ఇన్నింగ్స్ చాలా? వాగ్నర్ పేరు మళ్లీ ఎందుకొచ్చింది

అమెరికాలో చలి మొదలైతే బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఓట్ల గొడవ కూడా మొదలవుతుంది. ఈసారి గొడవ ఫ్రాన్సిస్కో రోడ్రిగెజ్ గురించి. 437 సేవ్స్ ఉన్న ఈ రిలీవర్ (ఆట మధ్యలో దిగి బంతి విసిరే పిచర్) బ్యాలెట్‌లో నిలబడటం 2026కి నాలుగో ఏడాది. మొదటి మూడేళ్లలో ఒక్కసారీ 11 శాతం దాటలేదు. ఓటేసేది బేస్‌బాల్ రచయితలు. లోపలికి వెళ్లాలంటే 75 శాతం కావాలి. అతని తరఫు వాళ్లు అడిగేది సూటిగానే ఉంది. 422 సేవ్స్, 903 ఇన్నింగ్స్ ఉన్న బిల్లీ వాగ్నర్‌ని 2025లో లోపలికి పంపారు కదా, 976 ఇన్నింగ్స్ వేసిన మావాడు ఏం పాపం చేశాడు?

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మన టీ20లో 20వ ఓవర్ కోసం దాచుకునే బౌలర్ ఉంటాడు చూడండి, బేస్‌బాల్‌లో క్లోజర్ దాదాపు అలాంటివాడు. చిన్న ఆధిక్యం ఉన్నప్పుడు చివరి ఇన్నింగ్స్‌కి దిగి, దాన్ని కాపాడితే అతని ఖాతాలో ఒక సేవ్ పడుతుంది. ఈ లెక్క 1969లోనే అధికారికమైంది. వాగ్నర్ ఆడిన కాలంలో ఆట మొదలుపెట్టే మంచి స్టార్టర్ ఒక సీజన్‌లో 200 ఇన్నింగ్స్ వేస్తే, క్లోజర్ వేసేది 60 నుంచి 70. అందుకే వాళ్లను గొప్పవాళ్లలో కలపాలా వద్దా అన్న పేచీ ఎప్పటికీ తెగదు.

వాగ్నర్ చిన్నతనంలో కుడిచేయి రెండుసార్లు విరగడం, అందుకే ఎడమచేత్తో విసరడం నేర్చుకోవడం ఇప్పటికి వందసార్లు చెప్పుకున్న కథే. వర్జీనియాలోని ఫెరమ్ అనే చిన్న కాలేజీ నుంచి 1993లో హూస్టన్ ఆస్ట్రోస్ తీసుకుంది. 2003 దాకా అక్కడ, తర్వాత ఫిలడెల్ఫియాలో రెండేళ్లు, 2006 నుంచి న్యూయార్క్ మెట్స్. ఇప్పటి గొడవకు ఇవేవీ అక్కర్లేదు. కావలసింది 2008 ఆగస్టుకీ 2010 అక్టోబరుకీ మధ్య జరిగింది.

2008 ఆగస్టులో వాగ్నర్ మోచేయి మొరాయించింది. లిగమెంట్ తెగిందని సెప్టెంబరులో తేలింది. టామీ జాన్ సర్జరీ చేయించుకోవాలి, అంటే ఏడాది పాటు ఆట లేనట్టే. అప్పటికి వయసు 37, సేవ్స్ 385. అతను లేని ఆ రెండు నెలల్లో మెట్స్ చివరి ఇన్నింగ్స్ అంటేనే అభిమానులకు టెన్షన్. ఆ జట్టు ప్లేఆఫ్స్‌కి ఒకే ఒక్క గెలుపు దూరంలో ఆగిపోయింది. ఒక క్లోజర్ విలువ ఎంత అని అడిగేవాళ్లకు నేను మొదట చూపించేది ఈ లెక్కే.

ఖాళీ అయిన ఆ చోటికి డిసెంబరులో మెట్స్ ఎవరిని తెచ్చిందో తెలుసా? రోడ్రిగెజ్‌నే. అదే ఏడాది ఏంజెల్స్ తరఫున 62 సేవ్స్ చేసి ఒక సీజన్ రికార్డు బద్దలు కొట్టి వచ్చాడు. మూడేళ్లకు 3.7 కోట్ల డాలర్లు. ఈ రోజు బ్యాలెట్ మీద పోల్చుకుంటున్న ఇద్దరూ అలా ఒకే జట్టు మనుషులయ్యారు. ఒకడు కుర్చీలో కూర్చున్నాడు, ఇంకొకడు చేతికి కట్టుతో బయట ఉన్నాడు.

2009 ఆగస్టులో వాగ్నర్ తిరిగొచ్చాడు. మెట్స్‌కు ఆడింది రెండే మ్యాచ్‌లు, ఆ వెంటనే బోస్టన్‌కి పంపేశారు. అక్కడా క్లోజర్ వేరే మనిషి. అయినా ఆ ఏడాది వేసిన 15 పైచిలుకు ఇన్నింగ్స్‌లో 26 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని ఆడనివ్వకుండానే ఔట్ చేశాడు. చేయి బాగైందని అందరికీ అర్థమైంది. 2010కి అట్లాంటా బ్రేవ్స్ పిలిచి మళ్లీ చివరి ఇన్నింగ్స్ అప్పగించింది.

నా దృష్టిలో కథంతా ఇక్కడే ఉంది. సీజన్ మొదలై నెల తిరగకముందే, ఏప్రిల్‌లో, ఇదే ఆఖరు అని వాగ్నర్ చెప్పేశాడు. పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, ఇంటికి పోతాను అన్నాడు. చేయి సహకరించక చెప్పిన మాట కాదది. ఆ ఏడాది 69 ఇన్నింగ్స్‌లో 104 స్ట్రైకౌట్లు, 37 సేవ్స్. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఎన్ని పరుగులిచ్చాడో చెప్పే ఈఆర్‌ఏ 1.43, అతని కెరీర్‌లోనే అత్యుత్తమం. 39 ఏళ్ల వయసులో! ఒప్పందంలో 2011కి కూడా దారి ఉంది. ఎడమచేతి పిచర్లలో అత్యధిక సేవ్స్ జాన్ ఫ్రాంకోవి, 424. వాగ్నర్ ఆగింది 422 దగ్గర. ఇంకో వారం ఆడితే అందే రికార్డును వదిలేసి వెళ్లాడు.

అదే సీజన్‌లో మిల్వాకీలో ఏం జరిగిందో పక్కన పెట్టి చూడండి. 42 ఏళ్ల ట్రెవర్ హాఫ్‌మన్ 600 సేవ్స్ కోసం ఆడుతున్నాడు. ఈఆర్‌ఏ 5.89. క్లోజర్ బాధ్యత మధ్యలోనే చేజారింది. అయినా సెప్టెంబరులో 600 పూర్తయ్యాయి, 601తో ముగించాడు. తప్పేమీ లేదు, గొప్ప పిచరే. కానీ 2016లో ఇద్దరూ ఒకేసారి బ్యాలెట్ మీదికి వచ్చినప్పుడు హాఫ్‌మన్‌కి 67.3 శాతం, వాగ్నర్‌కి 10.5 శాతం. కెరీర్ ఈఆర్‌ఏలు చూస్తే హాఫ్‌మన్‌ది 2.87, వాగ్నర్‌ది 2.31. రచయితలు ఓటేసింది 600 అన్న గుండ్రటి అంకెకని అనుకోకుండా ఉండలేం.

ఆ తర్వాత ఏళ్లు నత్తనడకే. 10.2, 11.1, 16.7. హాఫ్‌మన్ 2018లో లోపలికి వెళ్లాడు. మరో క్లోజర్ మారియానో రివేరా 2019లో ఒక్క ఓటూ తగ్గకుండా వెళ్లాడు. ఒక్కో రచయిత పదిమందికి మించి ఓటేయకూడదన్న నిబంధన ఉంది కాబట్టి, వాళ్లిద్దరూ కదిలాకే జాగా దొరికింది. ఓటేసే తరం కూడా మారింది. మొత్తం ఎన్ని అన్నదాని కన్నా వేసిన ప్రతి ఇన్నింగ్స్‌లో ఏం చేశాడన్నది చూసేవాళ్లు పెరిగారు. అలా చూస్తే వాగ్నర్‌ని కాదనడం కష్టం. ప్రత్యర్థుల బ్యాటింగ్ సగటు .187, అంటే వెయ్యి ప్రయత్నాల్లో 187 హిట్లే. రిటైరయ్యే నాటికి, కనీసం 900 ఇన్నింగ్స్ వేసినవాళ్లలో అంత తక్కువ ఇంకెవరికీ లేదు. (ఆ 900 అన్న గీత గీసింది వాగ్నర్ మూడు ఇన్నింగ్స్‌తో దాటేలాగే అని ఎగతాళి చేసేవాళ్లున్నారు. నిజమే, కొంచెం అలాగే ఉంటుంది.) 2024లో 73.8 శాతం దగ్గర, ఐదంటే ఐదు ఓట్లతో పోయింది. మిగిలింది పదోది, ఆఖరిది అయిన 2025. ఆ జనవరిలో 82.5 శాతం వచ్చింది. జులైలో ఇచిరో సుజుకి, సీసీ సబాతియాలతో కలిసి హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న కూపర్స్‌టౌన్‌లో వేదిక ఎక్కాడు. ప్రధానంగా రిలీవర్‌గా ఆడిన ఎడమచేతి పిచర్లలో అక్కడికి చేరింది అతనొక్కడే.

కాదన్నవాళ్ల వాదనా ఉంది. ప్లేఆఫ్స్‌లో వాగ్నర్ ఈఆర్‌ఏ 10.03. 2006లో సెయింట్ లూయిస్‌తో సిరీస్ రెండో మ్యాచ్‌లో సో తగుచి చేతిలో తిన్న హోమ్ రన్‌ను మెట్స్ అభిమానులు మర్చిపోలేదు. రోడ్రిగెజ్ మాత్రం 20 ఏళ్లకే, 2002 ప్లేఆఫ్స్‌లో ఐదు గెలుపులు ఖాతాలో వేసుకుని ఏంజెల్స్‌కి వరల్డ్ సిరీస్ తెచ్చిపెట్టాడు. సరే. వాగ్నర్‌ది మొత్తం 12 ఇన్నింగ్స్ కూడా లేని లెక్క. పైగా అదే 2006 సిరీస్ ఏడో మ్యాచ్‌లో, స్కోరు సమంగా ఉన్న తొమ్మిదో ఇన్నింగ్స్‌లో సెయింట్ లూయిస్ బ్యాటర్ మోలీనా హోమ్ రన్ కొట్టినప్పుడు బంతి వేసింది మెట్స్ మరో పిచర్ ఆరన్ హైల్మన్. వాగ్నర్‌ని దించనే లేదు.

ఇక ఇన్నింగ్స్ పోలిక. రోడ్రిగెజ్‌కు 73 ఇన్నింగ్స్, 15 సేవ్స్ ఎక్కువ. అవి చివర్లో ఎలా వచ్చాయో కూడా చూడాలి కదా. 2017లో డెట్రాయిట్‌కి ఆడుతూ 7 సేవ్స్, ఈఆర్‌ఏ 7.82. కెరీర్ మొత్తం మీద ఈఆర్‌ఏ 2.86. వాగ్నర్‌కు ఆ 73 ఇన్నింగ్స్ ఎందుకు లేవంటే 2010లో బ్యాగ్ సర్దుకున్నాడు కాబట్టి. ఇద్దరి అంకెల మధ్య తేడా అంతా ఆ ఒక్క నిర్ణయంలో ఉంది.

ఆ నిర్ణయం ముగిసిన తీరు మాత్రం అతను కోరుకున్నట్టు లేదు. 2010 అక్టోబరు 8న శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్లేఆఫ్స్ రెండో మ్యాచ్, పదో ఇన్నింగ్స్. ఇద్దరు బ్యాటర్లను ఎదుర్కొన్నాక పక్కటెముకల దగ్గర కండరం పట్టేసింది, మైదానం వదలాల్సి వచ్చింది. ఆ మ్యాచ్ బ్రేవ్స్ గెలిచింది, సిరీస్ ఓడింది. తర్వాత వర్జీనియాలో స్కూలు పిల్లల జట్టుకు కోచ్‌గా స్థిరపడ్డాడు.

రోడ్రిగెజ్‌కు 2032 వరకు గడువుంది. మూడో ఏడాది బ్యాలెట్‌లో అతనికి వచ్చింది 10.2 శాతం. మూడో ఏడాదికి వాగ్నర్‌కి వచ్చింది 11.1.