పాత గిటారు వయసు

చి. అమ్ములూ,

అమెరికాలోని మార్టిన్ కంపెనీ వాళ్ల పాత గిటారు వయసు ఎలా తెలుస్తుంది, దానికి అంత ధర ఎందుకని అడిగావు కదా.

నా చిన్నతనంలో నాన్నతో ఎడ్ల సంతకు వెళ్లేవాణ్ని. బేరగాళ్లు కొమ్ములు చెక్కి, నూనె రాసి, ఎడ్లను నిగనిగలాడించేవాళ్లు. నాన్న అదేమీ పట్టించుకోకుండా ఎద్దు కింది పెదవి దించి పళ్లు చూసేవాడు. రెండు పళ్లా, నాలుగా, ఆరా! దాని వెచ్చటి ఊపిరి నా చేతికి తగిలేది. భయమేసినా అక్కడి నుంచి కదలబుద్ధి అయ్యేది కాదు.

గిటారుకీ నోట్లోకే చూడాలి. గుండ్రటి రంధ్రంలోకి టార్చి వేస్తే, మెడ వచ్చి కలిసేచోట చెక్క దిమ్మ, దాని మీద నంబరు కనిపిస్తాయి. మార్టిన్ వాళ్లు 1898లో 8000 నుంచి నంబర్లు మొదలుపెట్టారు. ఏ ఏడు ఏ నంబరుతో ముగిసిందో పట్టికలున్నాయి, చూస్తే సరి. నంబరు లేకుండా న్యూయార్క్ ముద్ర ఉంటే అంతకు ముందుదై ఉంటుంది. తయారయ్యేది పెన్సిల్వేనియాలోని నజరెత్‌లో, ముద్ర మాత్రం న్యూయార్క్‌ది!

గిబ్సన్ అని ఇంకో అమెరికా గిటార్ల కంపెనీ ఉంది, దాని సంగతి పళ్లరిగిన ఎద్దు లాంటిది. 1960, 70ల్లో ఒకే నంబరు చాలా గిటార్ల మీద పడింది. అలాంటప్పుడు నడకా గిట్టలూ చూసినట్టు, తల మీద పేరు రాసిన తీరు, బ్రిడ్జి (తీగలు కట్టే చెక్క ముక్క) ఆకారం, లోపలి బద్దలు అన్నీ కలిపి చూడాలి.

ధర సంగతీ ఆ బద్దల్లోనే ఉంది. పైచెక్క అడుగున గుణకారం గుర్తులా రెండు బద్దలుంటాయి. 1944 చివరిదాకా మార్టిన్ వాళ్లు వాటిని అక్కడక్కడా లోతుగా చెక్కి తేలిక చేసేవాళ్లు. బరువైన తీగలకు తట్టుకోవాలని తర్వాత మానేశారు. అందుకే 1930ల గిటార్లంటే అంత మోజు. కాస్త చెక్క తగ్గితే స్వరం అంత విచ్చుకోవడం ఎంత వింతో! అది రాస్తే తెలిసేది కాదు, ఎవరైనా వాయిస్తుంటే దగ్గర కూర్చుని విను.

కొమ్ములు చెక్కిన ఎద్దుని నాన్న నమ్మేవాడు కాదు. కొత్త వార్నిష్ పూసిన పాత గిటారూ అంతే, ధర సగానికి పడిపోవచ్చు. పగులు వచ్చినా బాగా అతికించి ఉంటే అంత నష్టం లేదు. పాతదాన్ని మెరిపించాలని తొందరపడకూడదమ్మా.

పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం సంపాదించు. తీగలు వదులు చేయమని పెద్దవాళ్లను అడుగు. మెల్లగా లోపలికి చూసి, నంబరు, బద్దల ఆకారం కాగితం మీద గీసి పంపు.

దీవెనలతో,
తాతయ్య