లెక్కల నోటుపుస్తకంలో సొంత వాక్యం

ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి 1/2కు 1/3 కలిపి 2/5 అని రాసిందనుకుందాం. మాస్టారు ఎర్ర సిరాతో అడ్డగీత కొడితే విషయం అక్కడితో ముగిసిపోతుంది. అలా కాకుండా, ఈ జవాబు ఎలా వచ్చిందో కింద రెండు వాక్యాల్లో రాయమంటే, ‘పైవి పైవి కలిపాను, కిందివి కిందివి కలిపాను’ అని రాస్తుంది. లవం, హారం కలిసి ఒకే పరిమాణాన్ని చెబుతాయన్న సంగతి ఆమెకు ఇంకా అందలేదని ఆ వాక్యంతో తేలిపోతుంది. సగం రొట్టెకు మరికొంత కలిపితే వచ్చింది సగం కంటే ఎలా తగ్గిందో కూడా రాయమంటే, తప్పును చాలావరకు ఆమే పట్టుకుంటుంది. అడ్డగీతకు సాధ్యం కాని ఈ పనిని తరగతి గదిలోకి తేవాలన్న ఆలోచనకు చాలా పొడవైన నేపథ్యం ఉంది.

మన నేలమీద గణితం మొదట పద్యంగా నిలిచింది. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసార సంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కాగితం లేని కాలంలో పద్యం జ్ఞాపకానికి ఊతం. పైగా లెక్కను తెలుగులో చెప్పవచ్చునని చాటిన ఆ కృషికి మనం ఎంతో రుణపడి ఉన్నాం. అయితే కంఠస్థం చేసే చదువులో మాట గ్రంథానిదే తప్ప పిల్లవాడిది కాదు. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో బడుల స్థితిగతులపై విచారణకు ఆదేశించగా, తెలుగు వ్యాకరణం కూడా రాసిన బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ మరుసటి ఏడాది నివేదిక పంపాడు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతున్న తీరును అందులో వర్ణించి, పద్యాలు అప్పజెప్పగలుగుతున్నా వాటి భాష వాడుక భాషకు దూరం కావడంతో అర్థం తెలియడం లేదని రాశాడు. ఆ మాట కావ్యాలను ఉద్దేశించినదే అయినా, సూత్రాలు వల్లెవేసే నేటి తరగతికీ అంతే వర్తిస్తుంది.

రాతను నేర్చుకునే సాధనంగా చూడటం 1970లలో బలపడింది. ఏ సబ్జెక్టు చెప్పేవారైనా పిల్లల భాషాభివృద్ధికి బాధ్యులేనని 1975లో ఇంగ్లండ్‌లో బడుల్లో భాషా బోధనపై ప్రభుత్వం వేసిన బుల్లక్ కమిటీ పేర్కొంది. 1977లో అమెరికా విద్యావేత్త జానెట్ ఎమిగ్, రాత దానికదే ఒక అభ్యసన విధానమని వాదించారు. రాసింది కళ్లముందు నిలిచి ఉంటుంది కనుక వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు, దిద్దుకోవచ్చు. ఆ అమ్మాయి నోటుపుస్తకంలో జరిగింది సరిగ్గా ఇదే. 1989లో అమెరికా గణిత ఉపాధ్యాయుల జాతీయ మండలి తన ప్రమాణాల్లో భావవ్యక్తీకరణకు అన్ని స్థాయుల్లోనూ చోటిచ్చింది.

మన దేశంలో 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, పిల్లల ఆలోచనను గణితీకరించడమే, అంటే వాళ్లు గణిత పద్ధతిలో ఆలోచించేలా చేయడమే గణిత బోధన ప్రధాన లక్ష్యమని ప్రకటించింది. దాని వెలుగులో 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధి పత్రం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన కొత్త గణిత పుస్తకాల్లో సమస్యా సాధన, కారణాలు చెప్పి నిరూపించడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడంతోపాటు వ్యక్తపరచడం కూడా ఒక విద్యాప్రమాణంగా చేరింది. చదువు సాగుతుండగానే బడిలో జరిపే నిర్మాణాత్మక మూల్యాంకనంలో పిల్లల ప్రతిస్పందనలకు, నోటుపుస్తకాల్లోని రాత పనికి, ప్రాజెక్టులకు మార్కులు కేటాయించారు. ఉద్దేశం మంచిదే. కానీ మార్కులు రాగానే గైడ్లూ వచ్చాయి; సొంత మాటల్లో రాయాల్సిన జవాబులు అచ్చయి దొరికినప్పుడు పిల్లలు వాటినే దించుకున్నారు. దించి రాసినదాంట్లో ‘పైవి పైవి కలిపాను’ అన్న వాక్యం ఉండదు, మాస్టారికి కావలసింది మాత్రం ఆ వాక్యమే.

ఇప్పుడు దీనికి భాష ప్రశ్న తోడైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి, తెలంగాణలో 2022–23 నుంచి ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిష్ ఉండే ద్విభాషా పుస్తకాలు ప్రభుత్వ బడులకు వచ్చాయి. చదవడానికి రెండు భాషలూ పక్కపక్కనే ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల, తనకు లెక్క ఎక్కడ ఆగిపోయిందో ఇంగ్లిష్‌లోనే రాయాలంటే చాలాసార్లు పేజీ ఖాళీగా మిగులుతుంది. ఆ రెండు వాక్యాలను ఆమె తెలుగులో రాసినా మాస్టారు అంగీకరిస్తారా అన్నది ప్రస్తుతానికి ఒక్కో తరగతి గదిలో ఒక్కో రకంగా తేలుతోంది.