మూడు గడ్డలు, ఒక మర్రి, ఒక సునామీ: సైన్సు టీచరు విన్న అపోహలు

చెన్నైలో మూడు నుంచి ఐదో తరగతి దాకా సైన్సు చెబుతాను. మా తెలుగు పిల్లలు తెచ్చే తప్పు జవాబులు చాలావరకు ఇంటి నుంచే వస్తాయి. హోంవర్క్ చేయించేది అమ్మానాన్నలే కదా!

అపోహ: మట్టిలో పెరిగేవన్నీ వేళ్లే.

ఏటా నాకు రెండు పీరియడ్లు దీనికే పోతాయి. ఉర్లగడ్డ, ఎర్రగడ్డ, గెణుసుగడ్డ. మూడింటినీ గడ్డలనే అంటాం గానీ మొక్కలో మూడూ మూడు భాగాలు. వంటింటి మూలలో మొలకలొచ్చిన ఉర్లగడ్డ ఒకటి తీసి చూడండి. పైన చిన్న చిన్న గుంటలుంటాయి. ఒక్కో గుంట పక్కన కనుబొమలాంటి గీత, అది రాలిపోయిన పొలుసాకు గుర్తు. మొలక వచ్చేది ఆ గుంటలోంచే. ఆకూ మొగ్గా వరసగా పుట్టే చోటు కాండం, కాబట్టి ఉర్లగడ్డ కాండమే. గెణుసుగడ్డకు అలాంటి గీతలు కనబడవు, అది నిజంగానే వేరు. ఎర్రగడ్డలో మనం తినే పొరలు ఆకుల అడుగు భాగాలు. మరి దాని కాండం? తరిగేటప్పుడు వేళ్లతో సహా కోసి పారేస్తామే, ఆ బిళ్ల. ఒక నాన్నగారు "పేరులోనే గడ్డ ఉంది, ఆకెలా అవుతుంది టీచర్?" అని గట్టిగానే వాదించారు. ఎర్రగడ్డ ఒకటి నిలువుగా కోసి చూపించాక గానీ ఒప్పుకోలేదు.

అపోహ: మొదలు కూలితే చెట్టు చచ్చినట్టే.

అడయారులో థియోసాఫికల్ సొసైటీ తోటలోని మర్రికి అసలు మాను 1989లో గాలివానకు కూలింది. చెట్టు మాత్రం బతికే ఉంది. కొమ్మల నుంచి దిగిన ఊడలు నేలలో పాతుకుని, లావెక్కి, నీళ్లు తాగుతూ బరువు మోస్తున్నాయి. పిల్లలు ఊడ పట్టుకుని ఊగుతూ "ఇది కొమ్మ మిస్" అంటారు. కాదు, గాలిలో పుట్టిన వేరు.

అపోహ: సునామీ అంటే ఉప్పెనే.

ఉప్పెన అనగానే మన పెద్దవాళ్లకు 1977 నవంబరు 19, దివిసీమ గుర్తొస్తుంది. అది తుపాను గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి నెట్టడం వల్ల వచ్చింది. సునామీకి గాలీ వానా అక్కర్లేదు. 2004 డిసెంబరు 26 ఆదివారం, ఉదయం ఆరున్నర ప్రాంతంలో సుమత్రా దగ్గర సముద్రగర్భం కదిలింది. సుమారు రెండున్నర గంటల్లో అక్కడ పుట్టిన అలలు మెరీనాకు వచ్చేశాయి. ఒక అలతో అయిపోతుందనుకోవడం ఇంకా ప్రమాదం. వెనక వచ్చేది మొదటిదానికన్నా పెద్దది కావచ్చు. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోతే గవ్వలు ఏరుకోవడానికి కాదు, మెరక వైపు పరుగెత్తాలి. ప్రతిసారీ అలా వెనక్కి పోతుందనీ లేదు.

అపోహ: నేల రూపం మారాలంటే లక్షల ఏళ్లు పడుతుంది.

కొండలకైతే సరే. మెరీనా ఇంత వెడల్పు కావడానికి మాత్రం హార్బరు గోడలే కారణం. ఇక్కడ అలలు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకను ఉత్తరానికి మోసుకెళతాయి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో కట్టిన గోడలు అడ్డం పడ్డాయి. దక్షిణాన ఇసుక మేట వేసింది, ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోయింది. అందుకే అక్కడ బండరాళ్లు పోసి ఉంటాయి. క్లాసులో ట్రేలో ఇసుక పరిచి, నీళ్లు పోసి, మధ్యలో స్కేలు అడ్డంగా గుచ్చి, అరచేత్తో ఒక మూల నుంచి ఏటవాలుగా అలలు కొట్టిస్తాను. బెల్లు కొట్టే లోపే స్కేలుకు ఒకవైపు మెరీనా, ఇంకోవైపు రాయపురం తయారవుతాయి.